నాన్న గుండె, కొత్త వెర్షన్

మన సాఫ్టువేరోళ్ళకి ఒక జబ్బుంది. కొత్త వెర్షన్ వచ్చిందంటే చాలు, పాతదానికి ఏమైందో చూడకుండానే అప్‌గ్రేడ్ కొట్టేస్తాం. ఫోనయితే ఫర్వాలేదు. నేను మా నాన్న గుండె విషయంలో కూడా అదే పని చెయ్యబోయాను. ఆఖరి నిమిషంలో ఆగి కాస్త చదువుకున్నాను. చదివింది, దాని మీద నాకేమనిపించింది రాస్తున్నా. నేను డాక్టర్ని కాను, కాబట్టి దీన్ని మందుచీటీలా వాడకండి.

నాన్నకి 63 ఏళ్ళు. నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్ళు షిఫ్టులు చేసి రిటైరయ్యాడు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మొన్న ఎండాకాలంలో ఒకరోజు మెట్రో దిగి ఉప్పల్ స్కైవాక్ మీద నడుస్తూ సగంలో కూలబడ్డాడు. "గుండెల ఎవడో డప్పు కొడుతున్నట్టున్నదిరా, అది గూడ తాళం తప్పి" అన్నాడు ఫోన్లో. ఈసీజీలో తేలింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని. రెండు గంటల్లో దానంతటదే సర్దుకుంది. అప్పట్నుంచి నెలకి రెండు మూడుసార్లు వస్తోంది, పోతోంది.

ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను (పేరెందుకు లెండి). డాక్టరుగారి కంటే ముందు అక్కడి కోఆర్డినేటర్ నన్ను పక్కకి పిలిచి, "సార్, పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్ అని కొత్త టెక్నాలజీ వచ్చింది. కాల్చడం ఉండదు, గడ్డకట్టించడం ఉండదు. మీకెలాగూ కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కదా!" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, అప్పుడు నా బుర్రలో తిరిగింది వైద్యం కాదు, ఉద్యోగం. మా ప్రాజెక్టులో అప్పటికే ఇద్దర్ని బెంచి మీద కూర్చోబెట్టారు. నా ఉద్యోగం పోతే నాన్న పాలసీ కూడా దానితోనే పోతుంది. ఈ వయసులో, ఇన్ని జబ్బులతో బయట కొత్త పాలసీ తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. 'కార్డు చేతిలో ఉన్నప్పుడే కానిచ్చేద్దాం' అనిపించింది. ఉప్పల్ మీదుగా రోజూ పోచారం వెళ్ళొచ్చే మనలో చాలామంది, అమ్మానాన్నల ఆపరేషన్లని ఇలాగే పాలసీ తారీఖులు చూసుకుని నిర్ణయిస్తున్నారని నా అనుమానం. అందుకే ఇదంతా.

సరే, అసలు విషయానికొద్దాం.

గుండె పై గదుల్ని కర్ణికలంటారని బళ్ళో చదువుకున్నాం. కుడి కర్ణికలో ఉండే లయారంభకం నిమిషానికి 60 నుంచి 100 సార్లు సిగ్నల్ ఇస్తుంది, గుండె దాన్ని పాటిస్తుంది. ఫిబ్రిలేషన్‌లో ఆ మాట వినేవాడు ఉండడు. ఉప్పల్ రింగు రోడ్డులో సిగ్నల్ పోయి, పోలీసు కూడా లేనప్పుడు వరంగల్ బస్సు, రామంతాపూర్ ఆటో, నాగోలు నుంచొచ్చే లారీ అన్నీ ఒకేసారి ముక్కు దూరుస్తాయి చూడండి, అలా. కర్ణికలు నిమిషానికి 350కి పైగా అదురుతుంటాయి కానీ రక్తాన్ని సరిగ్గా తొయ్యవు. కింది గదులకి వెళ్ళే దారిలో ఒక గేటు ఉండబట్టి అవన్నీ కిందికి దిగవు, లేకపోతే అక్కడికక్కడే ప్రాణం పోయేది.

దీనివల్ల రెండు సమస్యలు. ఒకటి దడ, ఆయాసం, నీరసం. రెండోది అసలు ప్రమాదం. ఎడమ కర్ణికకి చెవిలాంటి ఒక చిన్న సంచి ఉంటుంది. రక్తం కదలక అందులో గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకెళితే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్ళకి పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లని అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1991లోనే చెప్పింది.

మన భాషలో చెప్పాలంటే ఇవి రెండు వేరువేరు టికెట్లు. ఒకటి క్లోజ్ చేస్తే రెండోది దానంతటదే క్లోజ్ అవదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

అబ్లేషన్ మొదటి టికెట్‌కి సంబంధించింది. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసాగెర్ అనే డాక్టరు, ఆయన బృందం 45 మంది రోగుల్ని పరీక్షించి, ఈ గోల ఎక్కడ మొదలవుతోందో పట్టుకున్నారు. దొరికిన 69 చోట్లలో 65 ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకి రక్తం తెచ్చే పుపుస సిరల్లోనే ఉన్నాయి. ఇంత చక్కని రూట్ కాజ్ ఎనాలిసిస్ మన వృత్తిలో నేనింతవరకూ చూళ్ళేదు. అక్కణ్ణించి వైద్యం సూటిగా మారింది. తొడ దగ్గర సిర నుంచి సన్నటి గొట్టం గుండెలోకి పంపి, ఆ సిరల మూతి చుట్టూ కణజాలాన్ని వలయంలా చంపేస్తారు. చచ్చిన కణజాలం కరెంటుని దాటనివ్వదు. లోపల ఎవడు ఎంత గోల చేసినా బయటికి వినపడదు.

పాత పద్ధతులు రెండు. రేడియో తరంగాలతో కాల్చడం, లేదా బుడగతో అతిశీతలంగా గడ్డకట్టించడం. రెండూ సమానమేనని 2016లో 762 మంది మీద చేసిన ఫైర్ అండ్ ఐస్ అధ్యయనం తేల్చింది. వచ్చిన చిక్కల్లా వేడికీ చలికీ హద్దులు తెలియవు. ఎడమ కర్ణికకి సరిగ్గా వెనకాలే అన్నవాహిక ఉంటుంది. ఆ వేడికి అన్నవాహికకీ గుండెకీ మధ్య రంధ్రం పడితే చాలామంది బతకరు. అరుదే, కానీ డాక్టర్లకి నిద్రపట్టనివ్వని అరుదు. ఇంకా ఉదరవితానాన్ని కదిలించే నరం దెబ్బతినొచ్చు, సిరలు సన్నబడొచ్చు.

కొత్త పద్ధతిలో వేడితోనో చలితోనో పని ఉండదు. దాదాపు రెండువేల వోల్టుల కరెంటుని మైక్రోసెకన్ల పాటు, చిన్నచిన్న విడతలుగా వదుల్తారు. కణాల పొరకి సూక్ష్మమైన చిల్లులు పడి అవి చచ్చిపోతాయి. గుండె కండరం కొంచెం తక్కువ కరెంటుకే లొంగిపోతుంది, పక్కనున్న అన్నవాహిక, నరాలు అంత తొందరగా లొంగవు. ఆ తేడాని వాడుకోవడమే ఇందులో తెలివంతా. యూరప్‌లో 2021లో మొదటి పరికరానికి అనుమతి దొరికింది, అమెరికాలో 2023 డిసెంబరులో ఒకదానికి, 2024 జనవరిలో ఇంకోదానికి. ఈమధ్య మన దగ్గరికీ వచ్చింది.

ఇంతవరకూ చదివి నేనూ మురిసిపోయా. తర్వాత అంకెలు చూశాను.

కొత్తదాన్ని పాతవాటితో పోల్చిన పెద్ద పరీక్ష ఎడ్వెంట్, 2023లో వెలువడింది. మొత్తం 607 మంది. ఏడాది తర్వాత చూస్తే చికిత్స ఫలించింది కొత్తదాంట్లో 73.3 శాతం మందికి, పాతవాటిలో 71.3 శాతం మందికి. అంటే సమానమన్నమాట. పెద్ద ఇబ్బందులు వచ్చింది కొత్తదాంట్లో 305 మందిలో ఆరుగురికి, పాతదాంట్లో 302 మందిలో నలుగురికి. ఇదీ సమానమే. సమయం సగటున 123 నిమిషాల నుంచి 106కి తగ్గింది, ఎక్స్‌రే కింద ఉండే సమయం మాత్రం 14 నుంచి 21 నిమిషాలకి పెరిగింది. కోఆర్డినేటర్ చెప్పిన పాటలో ఈ చరణం లేదు.

అలాగని కొత్తదాన్ని తీసిపారెయ్యడం కూడా అన్యాయమే. ఆ పరీక్ష చేసిన డాక్టర్లకి పాతదాంట్లో చెయ్యి తిరిగి ఉంది, కొత్తది అప్పుడప్పుడే పడుతున్నారు. మొదటి రిలీజే పాత స్టేబుల్ వెర్షన్‌తో సమానంగా నడిచిందంటే తక్కువ సంగతి కాదు. 2024లో 17,642 మంది వివరాలు పోగేసిన మానిఫెస్ట్-17కె అని ఇంకో లెక్క వచ్చింది. అందులో అన్నవాహికకి రంధ్రం పడిన కేసు ఒక్కటి లేదు. సిర సన్నబడింది లేదు. నరం శాశ్వతంగా దెబ్బతిన్నది లేదు. పెద్ద ఇబ్బందులన్నీ కలిపి 1 శాతం లోపే.

కొత్త వెర్షన్ పాత బగ్గుల్ని తీసేస్తే కొత్త బగ్గుల్ని తెస్తుందని మనకి వేరే చెప్పాలా? ఆ కరెంటుకి ఎర్ర రక్తకణాలు పగిలి, అరుదుగా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. పై లెక్కలో అలా అయిదుగురికి జరిగింది. గుండె ధమని బిగుసుకుపోవడం ఇంకొంతమందిలో చూశారు. ఇంకో సంగతి, ఈ పేరుతో మార్కెట్లో ఉన్న పరికరాలన్నీ ఒకటి కావు. స్పెక్ ఒకటే, ఇంప్లిమెంటేషన్ ఎవరిది వాళ్ళదే. 2025 జనవరిలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ తన వారిపల్స్ పరికరాన్ని అమెరికాలో కొన్నాళ్ళు నిలిపేసింది, కొందరికి మెదడుకి సంబంధించిన ఇబ్బందులు వచ్చాయని. కారణాలు చూసుకుని మరుసటి నెల మళ్ళీ మొదలుపెట్టింది. కాబట్టి 'పల్స్‌డ్ ఫీల్డ్ అండీ' అంటే సరిపోదు, ఎవరిది, ఏ మోడలు అని అడగాల్సిందే.

'సక్సెస్' అనే మాట సంగతి కూడా చూద్దాం. ఈ అధ్యయనాల్లో మామూలుగా 30 సెకన్ల పాటు లయ తప్పినా ఫెయిలయినట్టే లెక్క. అయితే ఆ 30 సెకన్లని పట్టుకోవాలంటే చూస్తూ ఉండాలి కదా! 2025లో వచ్చిన ఒక స్విట్జర్లాండ్ అధ్యయనంలో 210 మందికి చర్మం కింద చిన్న మానిటరు పెట్టి ఏడాదంతా కనిపెట్టారు. కొత్త పద్ధతిలో 37.1 శాతం మందికి, చలి బుడగ పద్ధతిలో 50.7 శాతం మందికి జబ్బు మళ్ళీ కనపడింది. కొత్తదే మెరుగ్గా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మెరుగైనదాంట్లో కూడా ముగ్గురిలో ఒకరికి పైగా మళ్ళీ వచ్చింది. లాగింగ్ ఆన్ చేస్తేగానీ ఎర్రర్లు కనపడవు మరి.

అయితే ఇదంతా భ్రమా? కాదు. 2024లో ఇంగ్లండ్‌లో 126 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. సగం మందికి నిజంగా చలి పద్ధతిలో అబ్లేషన్ చేశారు, మిగతావాళ్ళకి చేసినట్టు నటించారు, ఎవరికేం జరిగిందో రోగులకి తెలీదు. ఆరు నెలల తర్వాత లయ తప్పి ఉండే సమయం నిజంగా చేసినవాళ్ళలో 60 శాతం తగ్గింది, ఉత్తుత్తిగా చేసినవాళ్ళలో 35 శాతం. నాన్నకి నెలకి మూడుసార్లు వచ్చేది ఒకసారి వస్తే, పరీక్ష లెక్కలో అది ఫెయిలే, మా ఇంట్లో మాత్రం పండగ.

ఆయుష్షు సంగతి? 2019లో వచ్చిన కబానా అధ్యయనంలో 2,204 మందిని మందులకీ అబ్లేషన్‌కీ పంచారు. చావు, పెద్ద పక్షవాతం, తీవ్ర రక్తస్రావం, గుండె ఆగడం, ఇవన్నీ కలిపి చూస్తే అబ్లేషన్ వర్గంలో 8 శాతం, మందుల వర్గంలో 9.2 శాతం. ఖచ్చితంగా తేడా ఉందని చెప్పగలిగినంత తేడా కాదు. రోజువారీ బతుకు మాత్రం అబ్లేషన్ చేయించుకున్నవాళ్ళకి బాగుపడింది. గుండె పంపింగ్ తగ్గిపోయినవాళ్ళ కథ వేరు, వాళ్ళకి ప్రాణాలు నిలుస్తాయని 2018లో కాసిల్-ఏఎఫ్ చూపించింది. నాన్న పంపింగ్ బాగానే ఉంది. అంటే మా లెక్కలో అబ్లేషన్ దడ తగ్గించుకోడానికే, ఆయుష్షు పెంచుకోడానికి కాదు.

ఇప్పుడు రెండో టికెట్. పక్షవాతం ముప్పుకి చాడ్స్-వాస్క్ అని ఒక స్కోరుంది. బీపీకి 1, షుగరుకి 1, 65 దాటితే 1, 75 దాటితే 2, ఇదివరకే పక్షవాతం వచ్చుంటే 2, గుండె బలహీనతకి 1, రక్తనాళాల జబ్బుకి 1, ఆడవాళ్ళకి 1. నాన్నకి 2 వచ్చింది, అంటే రక్తం పలచబడే మందు వాడాల్సిందే. ఆ ఫార్ములా ఇంకోసారి చూడండి. అందులో అబ్లేషన్ అనే వేరియబులే లేదు! అమెరికా మార్గదర్శకాల ప్రకారం (2023) అబ్లేషన్ తర్వాత కనీసం 3 నెలలు అందరూ ఆ మందు వాడాలి, ఆ తర్వాత ఈ స్కోరుని బట్టే. ఏడాదిపాటు జబ్బు తిరిగి రానివాళ్ళలో కొందరికి ఆపొచ్చేమోనని 2025లో కొరియా నుంచి 840 మంది అధ్యయనం ఒకటి వచ్చింది. మంచి కబురే, కానీ అది డాక్టరు తేల్చాల్సింది. 'ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంక బిళ్ళలెందుకు' అని మనంతట మనం ఆపేస్తే, కొత్త మిషను పెట్టి చేసిందంతా మంట్లో పోసినట్టే.

ఈ చర్చంతా మా ఇంట్లో నడుస్తుంటే నాన్న పాత షిఫ్టు స్నేహితుడొకాయన వచ్చాడు. నేను కాకా అని పిలుస్తాను. ఆయనకీ ఇదే ఫిబ్రిలేషన్. నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో చూపించుకుంటాడు, ఏళ్ళుగా ఎసిట్రామ్ మింగుతూ ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటుంటాడు. అంతా విని, "బిడ్డా, గా కొత్త కరెంటు నాక్కూడ పెడ్తరా?" అని అడిగాడు.

ఆయన కాగితాలు చూశాను. చిన్నప్పుడొచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం బాగా సన్నబడింది. నేను పైన చెప్పిన పరీక్షలు వేటిలోనూ కాకాలాంటి వాళ్ళు లెక్కలోకి రారు. కవాటం సంగతి తేల్చకుండా అబ్లేషన్ మాటెత్తడానికి లేదు. మందుల్లో కూడా అంతే. అలాంటివాళ్ళలో కొత్త మందు రివరోక్సబాన్‌ని పాత మందులతో పోల్చిన ఇన్విక్టస్ అధ్యయనం 2022లో వచ్చింది. 4,565 మంది, అందులో మన దేశం వాళ్ళూ ఉన్నారు. పాత మందు వాడినవాళ్ళలోనే చావులు తక్కువ! ఎసిట్రామ్ కూడా ఆ పాత కుటుంబానిదే. "కాకా, నీకు పాతదే మంచిది, ఐఎన్‌ఆర్ 2కీ 3కీ మధ్య ఉండేట్టు చూస్కో, పాలకూర గోంగూర ఒకరోజు కుప్పలుగా తిని ఇంకోరోజు మానెయ్యకు" అన్నాను. "గంతేనా" అన్నాడు, చిన్నబోయి. కొత్తది మనదాకా రాలేదంటే, మనం దానికి తగమేమోననే బాధ కూడా ఉంటుంది మనిషికి.

మన దేశంలో కాకాలు తక్కువేం లేరు. 2017లో వెలువడిన ఐహెచ్ఆర్ఎస్ రిజిస్ట్రీలో 1,537 మంది ఫిబ్రిలేషన్ రోగుల్ని చూస్తే, సగానికి కాస్త తక్కువమందికి మూలం ఈ రుమాటిక్ కవాటాలే. సగటు వయసు 55 ఏళ్ళు. బయటి దేశాల పరీక్షల్లో ఉన్నది మన రోగేనా అని చూసుకోకుండా ఫలితాల్ని దించేసుకోవడం, వేరే క్లయింటు డేటాతో టెస్ట్ చేసిన కోడుని మన ప్రొడక్షన్‌లో పెట్టడమే.

ఇంతా చేసి నా అభిప్రాయం ఇదీ. పల్స్‌డ్ ఫీల్డ్ మంచి మందడుగు. అబ్లేషన్ కావాలని తేలిన మనిషికి, రెండూ బాగా తెలిసిన డాక్టరు దొరికితే, నేను కొత్తదానికే ఓటేస్తాను, ఆ అన్నవాహిక గండం ఒక్కటి తప్పినా చాలని. కానీ కొత్తది వచ్చింది గనక అబ్లేషన్ చేయించుకోవడం తప్పు. పాలసీ ఉంది గనక చేయించుకోవడం ఇంకా పెద్ద తప్పు. ముందు 'అవసరమా', తర్వాత 'ఎవరి చేత', ఆ తర్వాతే 'ఏ మిషనుతో'. మనల్ని మూడో ప్రశ్న దగ్గర ఎక్కించి ఊరేగిస్తున్నారు.

డాక్టరుగార్ని అడగాల్సినవి నేను కాగితం మీద రాసుకెళ్ళాను. కావాలంటే వాడుకోండి.

1. ఇది వచ్చిపోయే రకమా, స్థిరపడిపోయిందా? ఎకోలో కవాటాలు, ఎడమ కర్ణిక సైజు, పంపింగ్ ఎలా ఉన్నాయి?
2. థైరాయిడ్ చూశారా? నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూశారా?
3. మందులతో ప్రయత్నించామా? ఇప్పుడే చేయిస్తే లాభమేంటి, ఆరు నెలలు ఆగితే నష్టమేంటి?
4. మీరు స్వయంగా ఇలాంటివి ఎన్ని చేశారు? ఈ పరికరంతో ఎన్ని? ఏ ఇబ్బందులొచ్చాయి?
5. మళ్ళీ వస్తే ఏం చేస్తారు? రెండోసారి ఖర్చెంత? గొట్టం ఒక్కసారికే పనికొచ్చేది కాబట్టి దాని ధర బిల్లులో విడిగా చూపిస్తారా, పాలసీ దానికి ఒప్పుకుందా?
6. రక్తం పలచబడే మందు ఎన్నాళ్ళు?

నాలుగో ప్రశ్నకి డాక్టరుగారు చిరాకుపడితే వేరే డాక్టర్ని చూసుకోండి. మేం వెళ్ళిన రెండోచోట ఆయన నవ్వి, అంకెలు చెప్పి, "మిషన్ సంగతి తర్వాత. ముందు ఈయన గురక సంగతి చూద్దాం" అన్నాడు. పరీక్ష చేస్తే నిద్రలో ఊపిరి ఆగుతోందని తేలింది. నాన్న బరువు 84 కిలోలు. పదిశాతం పైగా బరువు తగ్గి, దాన్ని నిలబెట్టుకున్నవాళ్ళు ఈ జబ్బు లేకుండా ఉండే అవకాశం ఆరు రెట్లు ఎక్కువని ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో చేసిన లెగసీ అధ్యయనం (2015) చెప్పింది. ఆదివారం రెండు పెగ్గుల సంగతీ వచ్చింది. 2020లో అక్కడే, ఆస్ట్రేలియాలో, తాగే అలవాటున్న 140 మందిలో సగం మందిని మానిపిస్తే, జబ్బు తిరిగొచ్చింది మానినవాళ్ళలో 53 శాతానికి, మాననివాళ్ళలో 73 శాతానికి. ఈ అంకె వినగానే నాన్న నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను :)

ఇప్పటికి మూడు నెలలయింది. రక్తం పలచబడే మందు వేసుకుంటున్నాడు. రాత్రిపూట ఊపిరి మిషను తగిలించుకుంటున్నాడు, తిట్టుకుంటూనే. పొద్దున్నే ఉప్పల్ భగాయత్ దాకా తీసుకెళ్తే రెండు రౌండ్లు నడుస్తాడు. ఆరు కిలోలు తగ్గాడు. పోయిన నెల ఒక్కసారే వచ్చింది, అదీ అరగంట. అలాగని ఎల్లకాలం ఆగాలనీ లేదు. గుండె లయని తొందరగా చక్కబెట్టుకోవడమే మంచిదని 2020లో 2,789 మంది మీద చేసిన ఈస్ట్ అధ్యయనం చెప్పింది. అందుకే డాక్టరుగారూ మేమూ కలిసి ఒక గడువు పెట్టుకున్నాం. సంక్రాంతి దాకా చూసి, అప్పటికీ వస్తుంటే అబ్లేషనే.

ఈలోపు నా ఉద్యోగం ఉంటుందా? తెలీదు. ఆ భయంతోనే నాన్న పేరు మీద విడిగా ఒక పాలసీకి దరఖాస్తు పెట్టాను, మూడేళ్ళ గడియారం ఇవాళే మొదలవ్వనీ అని. నేను మొదటిరోజు చెయ్యాల్సిన పని అది. ఆపరేషన్ తారీఖు అడగడం కాదు.

నిన్న కాకా మళ్ళీ వచ్చాడు. ఐఎన్‌ఆర్ 2.4 వచ్చిందని కాగితం తెచ్చి చూపించాడు. దాన్ని చూసి నాన్న, "నీదే మంచిగున్నది పో, నాకు మెడకు మిషనే తగిలిండ్రు" అన్నాడు. ఇద్దరూ కలిసి చాయ్ తాగడానికి బయల్దేరారు, చక్కెర లేకుండానే అని నా దగ్గర ఒట్టు వేసి.